కొలిమికి పెట్టిన బొట్టు

శుక్రవారం పొద్దున తొమ్మిదింటికి వీరాచారి సారు మా మిషను నుదుటి మీది బొట్టును చేతిగుడ్డతో తుడిచేశాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. తలస్నానం చేసి వచ్చి, పసుపు రాసి, నూనెలో తడిపిన కుంకుమతో రూపాయి బిళ్ళంత బొట్టు పెట్టి గంట కూడా కాలేదు.

"శుక్రవారం పూట బొట్టు తుడుస్తరా సార్ ఎవరన్నా?" అన్నాను. నాకు నోరెక్కువ. చర్లపల్లిలో ఈ షెడ్డు తెరిచిన రోజు నుంచి ఉన్నదాన్ని కాబట్టి, యజమాని అయినా ఆయన పడతాడు.

ఆయన వినిపించుకోలేదు. మిషను తెరను ఒకసారి, చేతిలోని చిన్న మీటరును ఒకసారి మార్చి మార్చి చూస్తున్నాడు. ఆ మీటరు తీగను ఇందాకే మిషను తలలోకి దూర్చాడు. నెలకోసారి సోమవారం నాడు చేసే తనిఖీ అది. వచ్చే సోమవారం ఆయన మేనకోడలి పెళ్ళి ఉందని ఈసారి శుక్రవారానికి జరిపాడు.

"చల్లార్చు," అన్నాడు.

మీట నొక్కాను. నూట యాభై డిగ్రీల తల రెప్పపాటులో ముప్పైకి దిగింది. ఆయన నా కుంకుమ డబ్బా అందుకుని తనే బొట్టు పెట్టాడు. నేను పెట్టిన చోటే, నేను పెట్టినంత మందంగానే.

"ఇప్పుడు నూట యాభైకి తే."

తెర మీద నూట యాభై పడింది. మీటరు మీద మాత్రం అంకె ఆగలేదు. నూట అరవై దాటింది, డెబ్భై దాటింది, నూట ఎనభై ఒకటి దగ్గర నిలబడింది. ఆయన మళ్ళీ బొట్టు తుడిచాడు. తెర మీది అంకె కూడా ఒక్కసారిగా నూట ఎనభై ఒకటికి ఎగిరింది. మరుక్షణం రెండూ కలిసి బుద్ధిగా నూట యాభైకి దిగాయి.

నా ఒంట్లో మంట ఎటు పోయిందో పోయింది.

మా మిషనుకు కాగితాల మీద మూరెడు పేరుంది. మేం కొలిమి అంటాం. చిప్పును దాని తల మీద పెట్టి మూత వేస్తే, కింద వెంట్రుక సన్నం గొట్టాల్లో కరిగిన లోహం పరుగు పెడుతుంది. చూడటానికి పాదరసంలాగే ఉంటుంది కానీ పాదరసం కాదు. ఎంత చలిలో పెట్టినా గడ్డకట్టని మిశ్రమం, సారు పదకొండేళ్ళు కలిపి కలిపి కనిపెట్టింది. దాన్ని తోసే పంపులో తిరిగే రెక్క ఒక్కటీ లేదు. రెండు పక్కలా అయస్కాంతాలు, మధ్యలో అడ్డంగా కరెంటు, అంతే. కరెంటు ఎటు తిప్పితే లోహం అటు ఉరుకుతుంది. సారు వాళ్ళ నాన్న కంచుపని చేసేవాడట. మూసలోని లోహాన్ని ముట్టుకోకుండా నడిపించాలని ఈయనకు చిన్ననాటి పిచ్చి. ఆ పిచ్చి వల్ల ఎముకలు కొరికే చలి నుంచి పెనం మీది సెగ దాకా క్షణంలో తీసుకుపోయే యంత్రం పుట్టింది. క్షణక్షణానికీ అలా మారుస్తూ పోతే, రెండు గంటల్లో చిప్పుకు ముప్పై ఏళ్ళు నిండుతాయి. ఎన్నో ఏట చస్తుందో తెర మీద పడుతుంది.

అమ్మే చిప్పులకు అంత శిక్ష వేయం. నూట యాభై దగ్గర రెండు నిమిషాలు ఉంచి తీస్తాం. పుట్టుకతోనే బలహీనమైనవి అక్కడే రాలిపోతాయి. తట్టుకున్నవి బయటికి పోతాయి. అది మా పని.

పాత తలకు వేడి చూసే తీగ లోపలే ఉండేది. పదకొండు నెలల కింద వచ్చిన కొత్త తలకు దూరం నుంచి చూసే కన్ను పెట్టారు. మెరిసే లోహం ఆ కన్నును మోసం చేస్తుందని తల ముందు భాగాన గోరంత నల్లరంగు చుక్క వేశారు. కన్ను ఆ చుక్కనే చూస్తుంది. సరిగ్గా నుదురు ఉండాల్సిన చోట ఉండేది ఆ చుక్క. నేను ప్రతి శుక్రవారం బొట్టు పెట్టింది దాని మీదే. కుంకుమ మందాన కింది వేడి పైకి తెలియదు. కన్నుకు చల్లగా కనబడుతుంది. ఇంకా కాలలేదనుకుని మిషను మరింత కాలుస్తుంది. శనివారం పొద్దున ఊడ్చే ఆమె వచ్చి శుభ్రంగా తుడిచేస్తుంది. అందుకే సోమవారం తనిఖీల్లో ఎన్నడూ దొరకలేదు.

"ఎప్పటి సంది పెడుతున్నవ్?" అన్నాడు సారు.

"కొత్త తల వచ్చిన సంది." ఊరుకుంటే సరిపోయేది. నా నోరు ఊరుకోదు. "మొదటి బొట్టు మీరే పెట్టిండ్రు సార్. కొబ్బరికాయ కొట్టిన రోజు."

ఆయన స్టూలు మీద కూలబడ్డాడు. ఆ కన్నును అక్కడ బిగించింది ఆయనే, ఆ నల్లచుక్క వేసింది ఆయనే, దాని మీద భక్తిగా కుంకుమ దిద్దిందీ ఆయనే. బుర్ర ఒక పని చేస్తుంటే చెయ్యి దాని అలవాటు అది చేసుకుపోయింది. పదకొండు నెలలు శుక్రవారం శుక్రవారం నేను దాన్ని కొనసాగించాను.

"నూట ఎనభై అంటే, పాసైనవి కూడ లోపల కాలినట్టే," అన్నాడు. "ఎంత కాలినయో ఒక్కో వారం సరుకు ఒక్కో తీరు. కొన్ని ఏం కాకుంట ఉంటయి. కొన్ని..."

కంచే చేను మేసింది. చిప్పు ఆయుష్షు కొలవాల్సిన పరీక్షే దాని ఆయుష్షు తినేసింది.

ఆ చిప్పులు రేడియోల్లోకో ఆటబొమ్మల్లోకో పోయి ఉంటే చేతులు దులుపుకునేవాళ్ళం. అవి పోయేది ఊపిరి బిళ్ళల్లోకి.

నిద్రలో ఊపిరి తీయడం మరిచిపోయే జబ్బు ఒకటుంది. మా ఆయన సదానందానికి మూడేళ్ళ కింద జ్వరం మెదడుకెక్కి అది అంటుకుంది. మెలకువగా ఉంటే పూల మార్కెట్లో గంప మీద గంప ఎత్తి వేలం పాడే మనిషి. కళ్ళు మూతపడితే ఊపిరి ఆగుతుంది. రెండున్నరేళ్ళు ముఖానికి మాస్కు, పక్కన గుర్రుమనే మిషను. తర్వాత ఊపిరి బిళ్ళ వచ్చింది. ఛాతీ మీద చర్మం కింద పెడతారు. నిద్రపోతే నరాన్ని గిల్లి ఊపిరి తీయిస్తుంది. బ్యాటరీ తగ్గితే కూత పెడుతుంది. చిప్పు పోతే మాత్రం ఆ కూత పెట్టే దిక్కు కూడా ఉండదు.

నాలుగు నెలల కింద మా ఆయనకు ఆ బిళ్ళ పెట్టించి, అద్దెకు తెచ్చిన మాస్కు మిషను తిరిగి ఇచ్చేశాం. లోపలి చిప్పు మా షెడ్డుదే. శుక్రవారం కొలిమి దిగింది కావాలని నేనే పట్టుబట్టి మరీ ఇప్పించాను. పూజ చేసిన రోజు సరుకు గదా, మంచిదని. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

రిజిస్టరు తీశాం. శుక్రవారం విడిచి శుక్రవారం ఒక ట్రే చిప్పులు కొలిమి ఎక్కాయి, మొత్తం ఇరవై రెండు ట్రేలు. ఒక్కో ట్రే నుంచి నాలుగు చిప్పులు బిళ్ళల్లోకి పోయాయి. ఎనభై ఎనిమిది మంది. ప్రతి ట్రే నుంచీ ఒక చిప్పును అమ్మకుండా బీరువాలో దాచడం మా షెడ్డు పద్ధతి. దాన్ని "ఇంటిది" అంటాం. ట్రేలోని మిగతా వాటితో పాటే అదీ కాలి ఉంటుంది. దాన్ని కొలిమి మీద పెట్టి రెండు గంటలు నడిపితే, ఆ ట్రే చిప్పులు పెట్టుకున్న నలుగురికీ ఎన్నాళ్ళుందో తెలుస్తుంది.

"అందరికీ ఫోన్ చేసి చెప్పేద్దామా సార్?" అన్నాను.

"ఏమని చెప్తవ్? మీ ఛాతీల ఉన్నది ఉంటదో పోతదో తెల్వదనా?" అన్నాడు. "రెండేళ్ళ కింద వేరేవాళ్ళ బిళ్ళ మీద పుకారు లేస్తే ఏమైంది? ఆగమాగమై పీకించుకోను పోయిండ్రు. ఒకామె ఆపరేషన్ టేబుల్ మీదనే పాయె. ముందు ఏ ట్రే మంచిదో, ఏది చెడ్డదో తేలనియ్యి. చెడ్డ ట్రేల వాళ్ళకే చెప్దాం. ఎల్లుండి పొద్దుగాల వరకు, రెండొద్దులే గదా."

ఆ మాట నాకు సబబుగానే తోచింది. నిజం చెప్పాలంటే, సబబుగా తోచడానికి వేరే కారణం ఉంది. ఎనభై ఎనిమిది మందికి ఫోన్ చేస్తే ఎనభై ఎనిమిది మందీ ఎట్లైందని అడుగుతారు. బొట్టు సంగతి చెప్పాలి. అంత సిగ్గు ఒక్కసారిగా మోయలేక తల ఊపాను.

పేషెంట్ల పేర్లు, నంబర్లు బిళ్ళలు చేసే కంపెనీ దగ్గర ఉంటాయి. ఫోన్ చేసి అడిగితే, చేతి రాతతో కాగితం ఇస్తే తప్ప ఇవ్వమన్నారు. సారు స్కూటరు తాళం తీసుకుని గుమ్మంలో ఆగాడు.

"పాత ట్రేల నుంచి మొదలువెట్టు. ఒకటి, రెండు, మూడు, వరుస తప్పకు. పాతయి ఎక్కువ దినాల సంది ఛాతీలల్ల ఉన్నయి."

"సరే సార్."

ఆయన స్కూటరు చప్పుడు రోడ్డెక్కే దాకా ఆగి ఇంటికి ఫోన్ చేశాను. టైము తొమ్మిదిన్నర. మా ఆయన మార్కెట్ నుంచి అప్పుడే వచ్చి ఉంటాడు. తెల్లవారుజామున మూడింటికి పోయే మనిషి, తిని పడుకుంటే మళ్ళీ సాయంత్రం దాకా లేవడు.

"ఏం జేస్తున్నవ్?"

"ఏం జేస్త? ఉప్మా తిన్న. ఒరుగుతున్న."

"పండుకోకు!" అని అరిచాను. "నేను చెప్పేదాక పండుకోకు. కూసోకు కూడ, కన్నంటుకుంటది. లేసి తిరుగు."

"ఏమైందే? మందు గిట్ల ఎక్కినట్టు మాట్లాడుతున్నవ్?"

"నీ బిళ్ళల చిప్పు మీద అనుమానముంది. నా మీద ఒట్టు, పండుకోకు."

"సరే తియ్యి," అన్నాడు. "బంతిపూలు మిగిలినయి, దండలు గుచ్చుకుంట కూసుంట."

ఫోన్ పెట్టేసి బీరువా తెరిచాను. ఇరవై రెండు చిన్న డబ్బాలు, నా చేతిరాతతోనే నంబర్లు. ఒకటో నంబరు డబ్బా తీశాను. చేతిలో పట్టుకుని కొలిమి దాకా నడిచాను కూడా. అక్కడ నిలబడి లెక్క వేసుకున్నాను. మా ఆయనది పద్నాలుగో ట్రే. వరుసలో పోతే వచ్చేసరికి రేపు మధ్యాహ్నం దాటుతుంది. అప్పటిదాకా తిండీ నిద్రా లేకుండా ఆ మనిషి ఎట్లా నిలబడతాడు? దండ గుచ్చుతూ గుచ్చుతూ గోడకు ఆనుకుంటే? ఒక్కటి ముందుకు జరిపితే ఏమవుతుంది, రెండు గంటలే కదా. అందరికీ రెండు గంటలు ఆలస్యం, అంతే కదా.

ఇట్లాంటి "అంతే కదా"లు చాలా తేలికగా వస్తాయి. ఒకటో డబ్బా బీరువాలో పెట్టేసి పద్నాలుగు తీశాను. కొలిమిని ముప్పై ఏళ్ళ పరీక్షకు సిద్ధం చేసేసరికి గంట పట్టింది, పదిన్నరకు మొదలైంది.

ఆ రెండు గంటలు నేను కాలుగాలిన పిల్లిలా తిరిగాను. తెర మీద ఏళ్ళు పెరుగుతుంటాయి. ఒక ఏడాది. రెండు. మూడు దగ్గర గీత కొంచెం వణికితే తెరకు ముఖం ఆనించి చూశాను. మధ్యలో ఇంటికి నాలుగుసార్లు ఫోన్ చేశాను. మొదటిసారి ఆయన నవ్వాడు, రెండోసారి కసురుకున్నాడు, మూడోసారి దండ మూరన్నర అయిందన్నాడు. నాలుగోసారి గొంతు ముద్దగా వచ్చింది. ముఖం మీద నీళ్ళు చల్లుకోమని అరిచాను. గ్లాసుతో కాదు, బిందెతో.

పన్నెండుంబావుకు సారు నంబర్ల కాగితంతో వచ్చాడు. నా పక్కన నిలబడి తెర చూశాడు. పన్నెండున్నరకు మిషను ఆగింది. ఇరవై రెండేళ్ళ నాలుగు నెలలు.

"ఇరవై రెండేళ్ళు!" సారు రెండు చేతులూ జోడించాడు. "ఒకటో ట్రేనే గింత మంచిగ ఉన్నదంటే భయం లేదు స్వరూపా. దేవుడున్నడు."

డబ్బా మీది నంబరు ఆయన వైపు తిప్పి, గొణిగాను. అంత నోరున్నదాన్ని.

"ఇది ఒకటోది కాదు సార్. పద్నాలుగోది."

పద్నాలుగో ట్రేలో ఎవరున్నారో ఆయనకు తెలుసు. బిళ్ళ పెట్టించిన రోజు ఆస్పత్రిలో నా పక్కనే కూర్చున్నాడు. నా ముఖం వంక చూశాడు. తిట్టి ఉంటే బాగుండేది.

"ఒకటోది వెయ్యి," అన్నాడు. "జల్ది."

వేశాను. వేసి, బయటికి పోయి, వేపచెట్టు కింద నిలబడి మా ఆయనకు ఫోన్ చేశాను. "ఇగ పండుకో. ఇరవై రెండేళ్ళు నీకేం కాదు," అన్నాను. ఏడుపొచ్చేసింది. "గంత గట్టిగ ఎవరు రాసిచ్చిండ్రే?" అంటూనే ఆవలించాడు. సంతోషంతో నాకు ఒళ్ళంతా తేలిపోయింది. ఆ మాట దాచను. ఆ క్షణంలో మిగతా ఎనభై నాలుగు మంది నాకు గుర్తుకు లేరు.

రెండు గంటల ముప్పై నిమిషాలకు ఒకటో ట్రే ఫలితం వచ్చింది. నిజానికి గీత మొదట్లోనే పడిపోయింది. మిషను రెండో చూపు, మూడో చూపు చూసుకుని చివరికి గానీ అంకె చెప్పదు. ఏళ్ళ గడిలో సున్నా. నెలలు పది. రోజులు పదిహేను, అటో ఇటో వారం.

సారు కాగితం మీద వేలు పెట్టి చదివాడు. ఒకటో ట్రేలో ఇద్దరికి బిళ్ళ పెట్టి తొమ్మిది నెలలు. ఇద్దరికి పదిన్నర.

పదిన్నర నెలల వాళ్ళలో మొదటిది కరీంనగర్‌లో ఒకామె. సారు ఫోన్ చేసి ఆస్పత్రికి పొమ్మంటే, "గిప్పుడే పోతున్న సార్," అని పెట్టేసింది. రెండో నంబరు నేను కలిపాను. భువనగిరి. నర్సింహ, వెల్డింగ్ పని, యాభై ఒకటి అని రాసి ఉంది. ఫోన్ ఆడమనిషి ఎత్తింది.

"నర్సింహగారున్నరా అమ్మా?"

"ఉన్నడు. అన్నం తిని ఒరిగిండు. గంట అయితాంది. లేసినంక చేపిస్త, ఎవరని చెప్పాలె?"

"లేపు తల్లీ."

"రాత్రంత గేటు పనికి పోయిండక్కా. జర పండుకోనియ్యి."

"లేపూ!" అని అరిచాను. షెడ్డు అదిరింది. "దండం పెడుత, ముందు లేపు!"

ఆమె ఫోన్ పట్టుకునే లోపలికి పోయింది. చెప్పుల చప్పుడు వినబడింది. ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినబడింది. "ఏమయ్యా," అంది. "ఏమయ్యా, ఎవరో ఫోను." కాసేపాగి మళ్ళీ అంది. ఈసారి గొంతు మారింది. ఆ తర్వాత ఫోను ఎక్కడో పడిపోయింది. దూరంగా ఆమె కేకలు విన్నాను. ఛాతీ మీద నొక్కమని, నోట్లో గాలి ఊదమని, అంబులెన్సు పిలవమని నేను ఇటు నుంచి అరుస్తూనే ఉన్నాను. వినేవాళ్ళు లేరు.

గంట కింద ఒరిగాడు. ఒకటో ట్రే ముందు వేసి ఉంటే పన్నెండున్నరకు తేలేది. అప్పటికి ఆయన ఇంకా అన్నానికి కూడా కూర్చోలేదు.

సారు నా చేతిలో ఫోను తీసుకున్నాడు. రెండో ట్రే, మూడో ట్రే అని ఇంక ఆగలేదు మేం. కాగితం రెండు ముక్కలు చేసుకుని మిగిలిన అందరికీ చెరో సగం ఫోన్లు కలిపాం. "మీ బిళ్ళల ఒక లోపం ఉండొచ్చు, మేం చెప్పేదాక పండుకోకుండ్రి, మాస్కు ఉంటే తీసి పెట్టుకోండ్రి, లేకుంటే దగ్గరి ఆస్పత్రికి పోండ్రి." ఇంతే మాట. సాయంత్రం ఆరింటికి అయిపోయింది. కొందరు తిట్టారు, ఒకరిద్దరు ఏడ్చారు. ఎక్కువ మంది సరే అన్నారు. భయంతో బిళ్ళ పీకించుకోవడానికి ఎవరూ పరుగెత్తలేదు. టేబుల్ మీద ఎవరూ చావలేదు.

ఇరవై రెండు ట్రేలలో తొమ్మిది చెడ్డవని తేలింది. ముప్పై అయిదు మందికి బిళ్ళలు మార్చారు, అందరూ బతికారు. విచారణకు వచ్చిన వాళ్ళ ముందు సారు ఏమీ దాచలేదు. మొదటి బొట్టు పెట్టింది తనేనని తన చేత్తో రాసి సంతకం పెట్టాడు. కొలిమికి కరెంటు తీసేశాడు. లోపలి లోహాన్ని సీసాల్లోకి వంపి సీలు వేశాడు. పరీక్ష చేసిన వరుస కాగితం మీద పద్నాలుగు, ఒకటి, రెండు అని ఉన్నది ఉన్నట్టే ఉంచాడు. వచ్చిన వాళ్ళు ఆ కాగితం చూశారు, తిప్పి పక్కన పెట్టారు. పద్నాలుగు ముందెందుకు ఉందని ఒక్కరూ అడగలేదు.

అడగకపోవడం నన్ను నిలవనీయలేదు. అన్నం సహించలేదు. కూర్చుంటే లేవాలని, లేస్తే ఎటైనా పోవాలని. మా ఆయన పగలు పడుకుంటే తలుపు దగ్గర నిలబడి ఛాతీ లేస్తోందా లేదా అని చూసేదాన్ని, ఇరవై రెండేళ్ళని తెలిసి కూడా. తొమ్మిదో రోజు ఉండబట్టలేక ఆయనకు మొత్తం చెప్పేశాను.

ఆయన మంచం మీద లేచి కూర్చున్నాడు.

"మార్కెట్ల ముందొచ్చిన బండిదే ముందు పాట," అన్నాడు. "బామ్మర్ది బండైనా ఎనకనే నిలవడాలె. నా పొట్టంత గా వరుస మీదనే నిండుతది. నువ్వేమో నన్ను వరుస దాటిచ్చినవ్."

"నువ్వు పోతవేమోనని..."

"తెలుసు. తిడుతలేనే నేను." కళ్ళు తుడుచుకున్నాడు. "గా ఇంటికి పోయి చెప్పాలె. నడు, నేను గూడ వస్త."

దినాలు అయిపోయాక భువనగిరి పోయాం. ఇల్లు బస్టాండు వెనక సందులో. ముందు రేకుల కింద వెల్డింగ్ షాపు, సగం అతికిన గేటు ఒకటి గోడకు ఆనించి ఉంది. నర్సింహ భార్య పేరు అండాలు. నా కంటే చిన్నది. నా గొంతు వినగానే గుర్తుపట్టింది. చాప వేసి కూర్చోమంది. నీళ్ళిచ్చింది. మా ఆయన గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

చెప్పాను. కొలిమి సంగతి, బొట్టు సంగతి, ట్రేల సంగతి. ఒకటి పెట్టాల్సిన చోట పద్నాలుగు పెట్టానని, రెండు గంటలు నేను దొంగిలించానని, ఆ రెండు గంటల్లోనే ఆమె భర్త పోయాడని. చెప్పి ఆమె కాళ్ళు పట్టుకోబోయాను. ఆమె కాళ్ళు వెనక్కి తీసుకుంది. కోపం కూడా కనబడలేదు ముఖంలో. అర్థం చేసుకోవడానికి కష్టపడుతున్నట్టుంది.

"ట్రేలు గీలు నాకు తెల్వదక్కా," అంది. "మిషిన్ చెప్తేనే తెలిసిందా మీకు?"

"అవునమ్మా. ఏది మంచిదో ఏది చెడ్డదో మిషిన్ చెప్తేనే..."

ఆమె గుమ్మం వంక చూసింది.

"ఈయనేనా మీ ఆయన?"

"అవును."

"అన్నా," అంది మా ఆయనతో. "గా రోజు నిన్ను పండుకోకుమని చెప్పిందా అక్క?"

నేను ఎన్నెన్నో రాత్రులు ఏడ్చింది ఆ రెండు గంటల గురించి. ఈ ఫోను గురించి ఒక్కసారి కూడా కాదు. అదొక తప్పని నాకు తట్టనే లేదు.

మా ఆయన అబద్ధం ఆడే మనిషి కాదు. నా వంక చూసి, ఆమె వంక చూసి, "చెప్పింది తల్లీ," అన్నాడు.

"ఎన్ని గంటలకు?"

"తొమ్మిదిన్నరకు."

"అప్పటికి నీది మంచిదో చెడ్డదో మిషిన్ చెప్పిందా?"

"లేదు."

అండాలు తల ఊపింది. ఖాళీ గ్లాసు నా చేతిలోంచి తీసుకుంది.

"తొమ్మిదిన్నరకు మా ఆయన గీడనే కూసోని చాయ్ తాగుతుండె," అంది. "పండుకోకుమని నాకొక్క మాట చెప్తే, సూదులతో పొడిచైనా లేపుదునక్కా. మూడొద్దులైనా, నాలుగొద్దులైనా."

ఆమె గ్లాసు కడగడానికి లోపలికి పోయింది. నల్లా చప్పుడు చాలాసేపు వినబడింది. నేను చాప మీంచి లేచాను. ఎటు పోవాలో తెలియక, ఇద్దరం అక్కడే నిలబడ్డాం.